తల్లి పురుగుకి మీరే అడ్రస్ ఇవ్వండి: ఎర మొక్కలు పెట్టుకునే పద్ధతి

క్యాబేజీ ఆకుకి చిల్లులు పడ్డాకో, టమాటా కాయకి కన్నం కనిపించాకో ఏ మందు కొట్టాలా అని వెతకడం మొదలుపెడతాం. అప్పటికే ఆలస్యం. ఆ పురుగు ఎక్కడి నుంచో పాక్కుంటూ రాలేదు, పుట్టిందే అక్కడ. దాని తల్లి ఒక సాయంత్రం చీకటి పడే వేళ ఎగురుకుంటూ వచ్చి, దారిలో ఉన్న వంగ, బెండ, కొత్తిమీర అన్నీ వదిలేసి సరిగ్గా ఆ మొక్కనే చూసుకుని గుడ్డు పెట్టి పోయింది. గుడ్డులోంచి బయటపడిన పిల్ల ఎంత చిన్నదంటే, తల్లి తప్పు మొక్క మీద వదిలేస్తే పక్క కుండీ దాకా కూడా వెళ్లలేక చచ్చిపోతుంది. అందుకే తల్లి అంత జాగ్రత్తగా వెతుక్కుంటుంది. మనం చెయ్యి పెట్టాల్సిందీ అక్కడే.

ఆ వెతుకులాటలో పెద్ద పాత్ర వాసనది. మిద్దె తోటల వాళ్లకీ, అరెకరం ఎకరంలో కూరగాయలు వేసే వాళ్లకీ పనికొచ్చేలా దాన్ని ఎలా వాడుకోవాలో చెప్తాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా: వాసనతో పురుగుల్ని తరిమేయడం వీడియోల్లో చూపించినంత తేలిక కాదు, చాలాసార్లు అసలు పని చెయ్యదు. వాసనతో పిలిచి ఒక చోటికి, అంటే ఎరగా పెట్టిన వేరే మొక్క మీదికి, రప్పించి పట్టుకోవడం మాత్రం పని చేస్తుంది, కాకపోతే ఆ పట్టుకునే పని మనమే చెయ్యాలి, మొక్క చెయ్యదు.

ముందు, తల్లి ఎలా వస్తుందో తెలియాలి

పురుగుకి ముక్కు అంటే దాని మీసాలే. ఆ మీసాల మీద కంటికి కనిపించనంత సన్నని నూగు ఉంటుంది, గాలిలో తేలే వాసన కణాలు దానికి తగిలితే లోపలి నరాలు స్పందిస్తాయి. మొక్క నుంచి వచ్చే వాసన గాలివాటున చారలు చారలుగా సాగుతుంది, రెక్కల పురుగు ఆ చార తగలగానే గాలికి ఎదురు తిరిగి, అటూ ఇటూ వంకర్లు కొడుతూ, వాసన తప్పిపోతే పక్కలకి వెతుక్కుంటూ మొక్క దాకా వస్తుంది. దగ్గరికొచ్చాక కన్ను కూడా తోడవుతుంది, ఆకు రంగు, ఆకారం చూసుకుంటుంది. వాలిన తర్వాత కాళ్లతో రుచి చూస్తుంది. నోటితో కాదు, నిజంగా కాళ్లతోనే. ఈ మూడూ కుదిరితేనే గుడ్డు.

కోసిన గడ్డి వాసన మనందరికీ తెలుసు కదా, ఆ పచ్చి వాసన దాదాపు అన్ని మొక్కలకీ ఉంటుంది, నలిగినప్పుడు ఎక్కువ వస్తుంది. దాన్నిబట్టి పురుగుకి ఇక్కడేదో పచ్చని మొక్క ఉందని మాత్రమే తెలుస్తుంది. అది ఏ మొక్కో చెప్పేది ఆ కుటుంబానికే సొంతమైన వాసన, లేదా మామూలు వాసనలే ఒక ప్రత్యేకమైన పాళ్లలో కలిసిన మిశ్రమం.

దీనికి అన్నిటికంటే మంచి ఉదాహరణ మన వంటింట్లోనే ఉంది. ఆవకాయ కలిపేటప్పుడు ముక్కుపుటాలు అదిరిపోయే ఘాటు వస్తుంది చూడండి, పొడి ఆవగింజకి ఆ ఘాటు ఉండదు. గింజ నలిగి తడి తగలగానే అందులోని గ్లూకోసినోలేట్లు అనే పదార్థాల మీద మైరోసినేజ్ అనే ఎంజైమ్ పని చేసి ఐసోథయోసయనేట్లుగా మారుస్తుంది, ఘాటంతా వాటిదే. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవ అన్నీ ఒకే కుటుంబం, అన్నిటి ఆకుల్లోనూ ఈ ఏర్పాటే ఉంది. అసలు మొక్క దీన్ని పెట్టుకుంది పురుగులు తినకుండా. చాలా పురుగులకి అది విషమే. కానీ క్యాబేజీ పంటని నాశనం చేసే డైమండ్ బ్యాక్ మాత్, మన పుస్తకాల్లో వజ్రపు రెక్కల పురుగు అంటారు, దాన్ని అరిగించుకోవడం నేర్చేసుకుంది. అంతటితో ఆగకుండా ఆ ఘాటునే అడ్రస్‌గా వాడుకుంటోంది. దాని ఆడపురుగు మీసాల్లో ఐసోథయోసయనేట్లని పట్టే గ్రాహకాలు రెండు ఉన్నాయని 2020లో శాస్త్రవేత్తలు చూపించారు. ఈ కుటుంబానికీ ఈ ఘాటుకీ పురుగులతో ఉన్న సంబంధం తెలిసింది మాత్రం చాలా ముందే. 1910లోనే వెర్షాఫెల్ట్ అనే డచ్ వృక్షశాస్త్రవేత్త, క్యాబేజీ సీతాకోకచిలుక గొంగళిపురుగులు మామూలుగా ముట్టని ఆకులకి గ్లూకోసినోలేట్ పూసి పెడితే వాటిని కూడా తినేశాయని రాశాడు.

నమ్మకం కుదరకపోతే మీ కరివేపాకు చెట్టు దగ్గర నిలబడండి

పుస్తకం చదవడం కంటే ఇది ఒకసారి కళ్లతో చూస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది, పైగా పగలే జరుగుతుంది. కొత్త చిగురు వేసిన కరివేపాకు గానీ నిమ్మ మొక్క గానీ ఉంటే, ఎండ కాస్త ఎక్కాక, నలుపు మీద లేత పసుపు మచ్చలున్న నిమ్మ సీతాకోకచిలుక వస్తుంది. పువ్వుల దగ్గర చూసే తీరుకీ ఇక్కడి తీరుకీ సంబంధం ఉండదు. మొక్క చుట్టూ తచ్చాడుతుంది, ఒక ఆకు మీద వాలీ వాలనట్టు వాలి, రెక్కలు కొట్టుకుంటూనే ముందు కాళ్లతో ఆకుని టకటకా తట్టి చూస్తుంది. నచ్చకపోతే ఎగిరి ఇంకో ఆకు. నచ్చితే పొట్ట చివర వంచి లేత ఆకుకి ఒకే ఒక్క గుండ్రటి లేతపసుపు గుడ్డు అంటించి వెళ్లిపోతుంది. పక్కన మందారం ఉన్నా, గులాబీ ఉన్నా దానికి అక్కర్లేదు. మారేడు మీదా, సదాపాకు మీదా మాత్రం పెడుతుంది, ఎందుకంటే అవన్నీ నిమ్మ కుటుంబమే, చూడ్డానికి ఒకదానికొకటి పోలిక లేకపోయినా ఆకు నలిపితే వచ్చే నూనె వాసనల్లో చుట్టరికం తెలుస్తుంది.

ఆ గుడ్డులోంచి వచ్చే పిల్ల మొదట్లో పిట్ట రెట్టలా ఉండి, పెద్దయ్యాక పచ్చగా మారుతుంది, ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ములు బయటికి తోసి ఒక ఘాటు వాసన వదులుతుంది. పిల్లలకి చూపించండి, భలే ఇష్టపడతారు. పెద్ద చెట్టయితే నాలుగు ఆకులు తిన్నా నష్టం లేదు కాబట్టి నేనైతే వదిలేస్తా. చిన్న మొక్క అయితే రోజూ చిగురు చూసి గుడ్లు గీకేయడం తప్ప వేరే దారి లేదు.

క్యాబేజీకి ఆవ

ఇప్పుడు అసలు పని. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లు 1990ల మొదట్లోనే దీన్ని పొలంలో చేసి చూపించారు. పద్ధతి ఇది: ప్రతి 25 వరుసల క్యాబేజీకీ రెండు వరుసల ఆవ. ఈ రెండు వరుసలూ ఒకేసారి వెయ్యకూడదు. ఒకటి క్యాబేజీ నారు నాటడానికి 15 రోజుల ముందు, రెండోది నాటిన 25 రోజులకి. కారణం ఆలోచిస్తే తేలికే, నారు పొలంలోకి వచ్చేసరికి ఆవ ఏపుగా, ఘాటుగా, క్యాబేజీ కంటే ఎక్కువ వాసన కొడుతూ ఉండాలి. ఆవ తొందరగా పూతకొచ్చి ముదిరిపోతుంది, ముదిరిన మొక్క మీద ఆకు తక్కువ, తల్లికి మోజు తక్కువ, అందుకే దాని పని అయిపోయే వేళకి రెండోది అందుకోవాలి. చాలామంది ఆవ, క్యాబేజీ ఒకే రోజు వేసి, ఎర పంట వేశాం ఏం లాభం లేదు అంటుంటారు. అందులో తేడా అంతా తేదీలదే.

మిద్దె మీద అయితే లెక్క మార్చుకోవాలి. పది పన్నెండు క్యాబేజీ కుండీలకి రెండు మూడు వెడల్పు టబ్బుల్లో ఆవ చల్లండి, కిరాణా కొట్టు ఆవాలే చాలు, పోపు డబ్బాలోంచి తీసి చల్లినా మొలుస్తాయి. రెండు వారాలకో టబ్బు చొప్పున చల్లుకుంటూ పోతే ఎప్పుడూ ఒకటి లేతగా ఉంటుంది. టబ్బులు ఎక్కడ పెట్టాలి అంటే, నేను గాలి వెళ్లే వైపు చివర పెట్టమంటాను. చలికాలంలో మన దగ్గర గాలి ఎక్కువగా ఈశాన్యం, తూర్పు నుంచి వీస్తుంది, పురుగు గాలికి ఎదురుగా వస్తుంది కాబట్టి పడమర, నైరుతి వైపు నుంచి వచ్చేదానికి మొదట తగిలేది ఆవే అవ్వాలి. చుట్టూ గోడలున్న మిద్దె మీద గాలి సుడి తిరుగుతుంది కాబట్టి ఈ లెక్క అంత కచ్చితంగా కుదరదు, అప్పుడు రెండు మూలల్లో పెట్టేయండి. ఇంకో మాట, నాలుగడుగుల దూరంలో క్యాబేజీ కూడా కనిపిస్తుంటే తల్లి దాన్ని పూర్తిగా వదిలేస్తుందని ఆశపడకండి. చిన్న చోట ఆవ ఇచ్చే పెద్ద లాభం ఏంటంటే, రోజూ పన్నెండు కుండీలు తిరగేసే బదులు ముందు రెండు టబ్బులు చూస్తే పురుగు వచ్చిందో లేదో తెలిసిపోతుంది.

ఆవ ఆకు తిప్పి చూడండి. ఈనెల పక్కన, గుంటల్లో, చిన్న చిన్న పసుపు చుక్కలు ఒకటీ అరా గానీ రెండు మూడు కలిపి గానీ ఉంటాయి, అవే గుడ్లు. పిల్ల పురుగు సన్నగా, రెండు చివరలా మొనదేలి, లేత ఆకుపచ్చగా ఉంటుంది, వేలితో తాకితే గిలగిలా కొట్టుకుని దారం వదులుతూ కిందికి వేలాడుతుంది. అలా చేసిందంటే ఇదే పురుగు, ఇంక డౌట్ లేదు. ఆవ మీద పేనుబంక కూడా వస్తుంది, ఆకుల్ని గూడులా అల్లుకునే పురుగు కూడా వస్తుంది. రానివ్వండి, రావాల్సింది అక్కడికే.

ఇక్కడే అందరూ చేసే పొరపాటు. ఆవ ఆ పురుగుకి మంచి తిండి. దాని మీద పెట్టిన గుడ్లు పొదుగుతాయి, పిల్లలు కొవ్వెక్కి, రెక్కలొచ్చి, మళ్లీ మీ క్యాబేజీ మీదికే వస్తాయి. పిలిచి వదిలేస్తే మీరు పురుగుల నర్సరీ నడుపుతున్నట్టే. వారానికి రెండు సార్లయినా ఆవ ఆకులు తెంపి సబ్బు నీళ్ల బకెట్‌లో వేయండి, లేదా బీటీ పొడి, అంటే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియాతో చేసిన పురుగుల మందు, ప్యాకెట్ మీద రాసిన మోతాదులో కలిపి సాయంత్రం పూట ఆవ మీద మాత్రమే కొట్టండి. బీటీ పిల్ల పురుగుల మీద బాగా పని చేస్తుంది, పెద్దవాటి మీద అంతంతే. వేప కషాయం మాత్రం ఆవ మీద ముందుగానే కొట్టకండి. ఎందుకో కింద చెప్తా.

క్యాబేజీ అడుగు ఆకులు సాయంత్రం పూట తుంచే అలవాటు ఉంటే పొద్దుటికి మార్చుకోండి. నలిగిన ఆకు ఘాటు వదులుతుంది, తల్లి తిరిగేది చీకటి పడ్డాక. తుంచిన ఆకులు కుండీ పక్కనే పడేయకుండా దూరంగా తీసుకెళ్లి కంపోస్టులో కింది పొరలో వెయ్యండి.

టమాటాకి బంతి, ఇది వేరే లెక్క

టమాటా కాయతొలుచు పురుగు, అదే శనగ పచ్చ పురుగు, దీనికి ఒక కుటుంబం అంటూ లేదు. శనగ, కంది, పత్తి, మిరప, టమాటా, పొద్దుతిరుగుడు ఏదైనా సరే. దీని తల్లికి నచ్చేది పూత మీద ఉన్న మొక్క, అందుకే ఇక్కడ ఎర పంట రహస్యం మొగ్గల్లో ఉంది. హెసరఘట్ట వాళ్లదే ఈ పద్ధతి కూడా: 16 వరుసల టమాటాకి ఒక వరుస పొడుగు రకం బంతి, ఆఫ్రికన్ బంతి అంటారు. నాటే రోజుకి బంతి నారు వయసు 40 నుంచి 45 రోజులు, టమాటా నారు వయసు 25 రోజులు ఉండాలి. అలా అయితే రెండూ ఒకేసారి పూతకొస్తాయి. బంతి నారు నెలన్నర ముదిరిపోయింది, ఇంకేం పనికొస్తుంది అని పారేసేవాళ్లు ఉంటారు, ఇక్కడ కావాల్సింది ఆ ముదురు నారే.

బంతి మొగ్గలు, రేకుల మీద చూడండి. గుడ్డు గసగసాల గింజంత, తెల్లగా పసుపుగా ఉండి, పైనుంచి కిందికి సన్నటి గీతలు ఉంటాయి, ఫోన్ కెమెరా జూమ్ చేస్తే బాగా కనిపిస్తాయి. ఒక్కోటి విడివిడిగా పెడుతుంది. పొదిగే ముందు ముదురు రంగుకి తిరుగుతుంది. అలాంటి మొగ్గలు, తొలిచిన పూలు తెంపేయడమే పని.

మన దగ్గర ఇంకో తలనొప్పి ఉంది. బతుకమ్మకీ దసరాకీ బంతి పూలన్నీ ఒకేసారి కోసేస్తాం. కోస్తే గుడ్లు కూడా పోతాయి, అది మంచిదే, కానీ మర్నాటి నుంచి తల్లికి పొలంలో కనిపించే పూత టమాటాదే. పండక్కి కోసేటప్పుడు విచ్చిన పూలు తీసుకుని మొగ్గలు వదిలేయండి, లేదా ఎర వరుసని పూల కోసం వేసిన బంతితో కలపకుండా విడిగా ఉంచుకోండి. ఇంట్లో వాళ్లకి ముందే చెప్పి పెట్టుకోవాలి, లేకపోతే పండగ పొద్దున్న గొడవ.

బంతి గురించి ఇంకో అపోహ. బంతి వాసనకి పురుగులు పారిపోతాయి అని అందరూ షేర్ చేస్తుంటారు. కాయతొలుచు పురుగు విషయంలో జరిగేది సరిగ్గా తిరగబడి ఉంటుంది, అది బంతి దగ్గరికి వస్తుంది. బంతి వేర్లు నేలలోని నులిపురుగుల్ని, అంటే నెమటోడ్లని తగ్గిస్తాయి, అది నిజం, కానీ అది వేర్ల సంగతి. ఆకుల వాసనకీ దానికీ సంబంధం లేదు. రెండు నిజాలు కలిసి ఒక అబద్ధంగా తయారయ్యాయి.

మిరప, వేరుశనగ, పొగాకు నారుమళ్లకి ఆముదం

ఇది మన రైతులకి కొత్త కాదు. రాజమండ్రిలోని కేంద్రీయ పొగాకు పరిశోధన సంస్థ, ఈ మధ్య దాని పేరు మార్చారు, పొగాకు నారుమళ్ల చుట్టూ ఆముదం వెయ్యమని ఎప్పటి నుంచో చెప్తోంది, గుంటూరు మిరప చేలలోనూ, వేరుశనగ గట్ల మీదా ఆముదం మొక్కలు కనిపిస్తూనే ఉంటాయి. చాలా చోట్ల అవి వేసి మర్చిపోయిన మొక్కలు, అదే బాధ. పొగాకు లద్దె పురుగు తల్లికి ఆముదం ఆకంటే ప్రాణం. ఒక్కసారి వాలిందంటే వందల గుడ్లు ఒకే కుప్పగా పెట్టి, తన పొట్ట చివర ఉన్న గోధుమ రంగు నూగు ఊడబెరికి పైన కప్పి పోతుంది. ఆకు అడుగున కాసుబిళ్లంత గోధుమ మచ్చ, ముట్టుకుంటే మెత్తగా. అది కనిపించిందంటే ఆ ఆకు ఒక్కటి తెంపి నలిపేస్తే వందల పురుగులు పోయినట్టే, ఒక్క చుక్క మందు లేకుండా.

గుడ్ల కుప్ప దొరక్కపోతే రెండో అవకాశం ఉంది. పొదిగిన పిల్లలు మొదటి కొన్ని రోజులు గుంపుగా ఒకే ఆకు మీద ఉండి పచ్చదనం గీకి తింటాయి, ఆకు జల్లెడ అయిపోయి దూరం నుంచే తెల్లగా కనిపిస్తుంది. మన రైతులు జల్లెడాకులు అనేది వీటినే. ఆ ఆకుల్ని కోసి నాశనం చేయడానికి ఉన్న టైమ్ ఆ కొద్ది రోజులే. తర్వాత అవి చెదిరిపోతాయి, పగలు మట్టి పెళ్లల కింద దాక్కుని రాత్రి తింటాయి, అప్పుడు ఎవరి వల్లా కాదు. కాబట్టి ఆముదం గట్టు మీద వేసినవాళ్లు వారానికి రెండు సార్లు ఆ గట్టంతా నడవాలి. నడవడం కుదరదు అనుకుంటే ఆముదం వెయ్యకపోవడమే నయం.

ఆముదం మీద నడుం ఎత్తి ఎత్తి నడిచే దాసరి పురుగు కూడా కనిపిస్తుంది, అది ఆముదం పురుగు, మీ మిరపకి దాని వల్ల టెన్షన్ లేదు. మిద్దె మీద మాత్రం నేను ఆముదం వద్దంటాను. చెట్టు పెద్దదవుతుంది, గింజలు విషం, పిల్లలు నోట్లో పెట్టుకుంటే ప్రమాదం. పెట్టాలని పట్టుదలగా ఉంటే గెల వెయ్యగానే తుంచేయండి.

చావు తప్పని ఎర

ఇప్పటిదాకా చెప్పిన మూడింటిలోనూ మన చెయ్యి పడాల్సిందే. చెయ్యి అక్కర్లేని ఎర ఉందా అంటే ఉంది, తూర్పు ఆఫ్రికా రైతులు వాడుతున్నారు. కెన్యాలో విక్టోరియా సరస్సు ఒడ్డున ఎంబిటాలో ఇసిపె అనే పరిశోధన సంస్థ, ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ సంస్థతో కలిసి 1990ల్లో దీన్ని తయారుచేసింది, పనికి ముందు నిలిచింది జెయౌర్ ఖాన్ అనే మన దేశంలో పుట్టిన శాస్త్రవేత్త. మొక్కజొన్న చేను చుట్టూ నేపియర్ గడ్డి, వరుసల మధ్య డెస్మోడియం అనే పప్పుజాతి పశుగ్రాసం. కాండం తొలుచు పురుగు తల్లి నేపియర్ వాసనకి అటు వెళ్లి గుడ్లు పెడుతుంది, కానీ పిల్ల కాండంలోకి తొలుచుకుని వెళ్లబోతే నేపియర్ బంక లాంటి ద్రవం కారుస్తుంది, పిల్లల్లో చాలా వరకు అందులోనే పోతాయి. తల్లి వాసన చూసి మోసపోయింది అన్నమాట. డెస్మోడియం నేలలో స్ట్రైగా అనే పరాన్నజీవి కలుపుని కూడా అణచేస్తుంది, అక్కడి రైతులకి దాన్ని ఇష్టపడటానికి అదొక పెద్ద కారణం, పైగా రెండూ పశువుల మేతే. అయితే డెస్మోడియం వాసన నిజంగా పురుగుని తరుముతుందా, లేక వేరే రకంగా పని చేస్తుందా అన్న దాని మీద ఈ మధ్య శాస్త్రవేత్తల్లో వాదన నడుస్తోంది. పిలవడం గట్టిది, తరమడం మెత్తనిది అని నేను మొదట్లో అన్నది ఇలాంటివి చూసే.

మనకి 2018లో కత్తెర పురుగు వచ్చి మొక్కజొన్న మీద పడ్డాక, చేను చుట్టూ మూడు నాలుగు వరుసలు నేపియర్ వేసి, దాని మీద దెబ్బ కనిపించగానే అక్కడే వేప కషాయం కొట్టమని మన దేశంలో కూడా సలహా ఇచ్చారు. పాడి ఉన్న ఇంట్లో సూపర్ నేపియర్ ఎలాగూ ఉంటుంది, దాన్ని దొడ్లో ఒక మూల వేసే బదులు మొక్కజొన్న గట్టు మీదికి తెచ్చుకుంటే సరిపోతుంది. కోతలు మాత్రం ఒకేసారి కాకుండా వంతులవారీగా, గట్టు ఎప్పుడూ ఖాళీ అవ్వకుండా కోసుకోండి.

తరమడం గురించి రెండు మాటలు

తులసి, పుదీనా, కొత్తిమీర, వెల్లుల్లి పక్కన పెడితే వాటి వాసనకి పురుగులు రావు అంటారు. మిశ్రమ పంటలో పురుగు తగ్గడం నిజమే. కానీ కారణం వాసనేనా? ఇంగ్లండ్‌లో ఫించ్, కోలియర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2000లో వేరే వివరణ ఇచ్చారు. క్యాబేజీ చుట్టూ ఉట్టి మట్టి ఉంటే, క్యాబేజీ వేరుని తినే పురుగు తల్లి అయిన ఈగ తిన్నగా క్యాబేజీ మీదే వాలుతుంది. చుట్టూ ఏదో ఒక పచ్చని మొక్క ఉంటే తప్పు ఆకు మీద వాలుతుంది, కాళ్లతో రుచి చూసి కాదని లేస్తుంది, మళ్లీ తప్పు ఆకు, కొన్నిసార్లు అలా అయ్యాక వెళ్లిపోతుంది. పచ్చ కాగితాలు పెట్టినా ఇలాగే తగ్గిందట. అంటే ఖరీదైన సువాసన మొక్కలు కొనక్కర్లేదు, కుండీల్లో ఉట్టి మట్టి కనిపించకుండా మెంతికూరో తోటకూరో చల్లేయండి చాలు, తినడానికీ పనికొస్తుంది.

తరమడానికి నేను నమ్మేది ఒక్కటే, వేప. లీటరు నీటికి 50 గ్రాముల వేప గింజల పొడి రాత్రంతా నానబెట్టి, పల్చటి గుడ్డలో వడగట్టి, కాస్త సబ్బు నీళ్లు కలిపి ఆ రోజే కొట్టాలి, నిలవ ఉంచితే పని చెయ్యదు. ఎండకి దాని బలం పోతుంది కాబట్టి సాయంత్రం కొట్టండి, ఆకు అడుగుభాగం తడవాలి. ఇది కొట్టిన మొక్క మీద గుడ్లు పెట్టడానికి చాలా రకాల తల్లి పురుగులు వెనకాడతాయి. అందుకే దీన్ని క్యాబేజీ మీద, టమాటా మీద కొట్టాలి, ఆవ మీదా బంతి మీదా ముందుగానే కొట్టకూడదు. పంటని చేదు చేసి ఎరని తియ్యగా ఉంచితేనే రెండూ కలిసి పని చేస్తాయి. ట్యాంకులో మిగిలిందని ఎర మొక్కల మీద పారబోసేవాళ్లని చూశాను, పాపం అంత కష్టపడి పెంచిన ఎర కాస్తా ఆ ఒక్క పిచికారీతో పోతుంది.

మామిడి, బీర, కాకర వాళ్లకి

పండు ఈగకి ఎర పంట అంటూ పెద్దగా లేదు, కానీ వాసన కథ ఇక్కడా అదే. మామిడి తోటలో వేలాడదీసే, మిథైల్ యూజినాల్ అనే వాసన మందు పెట్టిన బుట్టల్లో వందల ఈగలు పడ్డాయి కదా, ఇంక కాయలు సేఫ్ అనుకుంటారు. అందులో పడేవి మగ ఈగలు. బీర, కాకర పాదులకి పెట్టే క్యూ లూర్ బుట్టల్లోనూ మగవే పడతాయి. కాయకి సూది గుచ్చినట్టు గుచ్చి గుడ్లు పెట్టే ఆడ ఈగ వచ్చేది కాయ వాసనకి. మగవి బాగా తగ్గితే ఆడవాటికి జోడీ దొరకదు, బుట్టలతో లాభం అదీ, అది కూడా చుట్టుపక్కల తోటల వాళ్లంతా పెడితేనే సరిగ్గా కుదురుతుంది. కాబట్టి బుట్టలో లెక్క చూసి ధైర్యం తెచ్చుకోకుండా చెట్టు కింద చూడండి. రాలిన పండు రెండు రకాలుగా చెడ్డది, వాసనతో ఇంకో ఆడ ఈగని పిలుస్తుంది, లోపలి పురుగు మట్టిలోకి దిగి కోశస్థ దశకి, అంటే రెక్కల ఈగగా మారే దశకి, వెళ్తుంది. రోజూ ఏరండి. చెత్తకుప్ప మీద వేస్తే చోటు మార్చినట్టే అవుతుంది, అందుకే రెండడుగుల గుంట తీసి పూడ్చి మట్టి తొక్కండి, లేదా మూతి బిగించిన నల్ల ప్లాస్టిక్ సంచిలో వేసి కొన్ని రోజులు మండుటెండలో పడేయండి. బీర, కాకర పిందెలకి పూత రాలగానే కాగితం సంచి తొడిగితే ఈగ చేరలేదు, ఇంటి వాడకానికి నాలుగు పాదులే ఉంటే అన్నిటికంటే సుఖమైన పద్ధతి అదే.